శాంతి లేని దోషం

హేమలతా లవణం గారి స్మృతికి గుంటూరులో సమర్పించిన ఉపన్యాసం



హేమలత గారిని కవి జాషువా కూతురుగా, నాస్తిక ఉద్యమకారుడు గోరా కోడలుగా పరిచయం చేయడం మనకు అలవాటు. రెండూ గొప్ప ఇళ్ళే. ఆమె 1932 ఫిబ్రవరి 26న వినుకొండలో పుట్టారు. అంటరానితనం ఎంత లోతుగా గుచ్చుకుంటుందో తండ్రి బతుకులోనే చూశారు. 1960లో గోరా గారి పెద్దకొడుకు లవణం గారిని పెళ్ళాడి, దేవుణ్ణీ కులాన్నీ గడప బయట నిలబెట్టిన ఇంట్లో అడుగుపెట్టారు. తండ్రి మీద ‘మా నాన్నగారు’ అన్న పుస్తకం రాశారు. 2008 మార్చి 19న కన్నుమూశారు. ఈ రెండు ఇళ్ళ పేర్లూ పక్కన పెట్టినా ఆమెకు మిగిలే పని ఒకటుంది. ఇవాళ మాట్లాడబోయేది దాని గురించే. ఆచారం పేరుతో, పుట్టుక పేరుతో బలైపోతున్న పిల్లల కోసం ఆమె, లవణం గారు కలిసి నడిపిన ‘సంస్కార్’ సంస్థ పని అది.

పొగడ్తలు ఇక్కడితో ఆపుతాను. ఆమె పని చూస్తే నాకు తోచిన ఒక్క వాదన మీ ముందుంచుతాను. మెట్టు మెట్టుగా చెబుతాను, ఎక్కడ ఒప్పుకోరో అక్కడ గుర్తు పెట్టుకోండి. చివర అడగవచ్చు.

1. మేనమామ గండం

ముందు మన ఇళ్ళ సంగతి. బిడ్డకు పైపళ్ళు ముందొస్తే మేనమామకు కీడంటారు. పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకు గండమంటారు. కొన్ని నక్షత్రాల్లో పుడితే తండ్రికి, కొన్నింటిలో పుడితే తల్లికి దోషమంటారు. నవ్వుతున్నారు. ఈ హాల్లో నూనెగిన్నెలో మేనల్లుడి ముఖం చూసిన మేనమామలు ఎందరున్నారో చేతులెత్తమంటే తేలిపోతుంది!

ఇదే పళ్ళ నమ్మకం ఇథియోపియాలో ఓమో నది లోయలోని కారా, హమర్ తెగల్లో కూడా ఉంది. అక్కడ పైపళ్ళు ముందొచ్చిన బిడ్డను ‘మింగి’ అంటారు. కవలలనూ, పెద్దల అనుమతి లేకుండా పుట్టిన బిడ్డలనూ అలాగే అంటారు. మింగి బిడ్డ ఊళ్ళో ఉంటే వానలు పడవని, రోగాలొస్తాయని భయం. అందుకని ఆ పసివాళ్ళను చంపేసేవారు. లాలే లబూకో అనే కారా యువకుడికి తన తోబుట్టువులిద్దరు అలాగే పోయారని పదిహేనేళ్ళ వయసులో తెలిసింది. పెద్దయ్యాక అతను చేసిన పని గమనించండి. నమ్మకం తప్పని పెద్దలతో వాదించడం దగ్గరే ఆగిపోలేదు. బిడ్డ ఊళ్ళో ఉండకూడదన్నదే మీ భయమైతే నేను తీసుకుపోతానని, పిల్లలను జింకా పట్టణానికి చేర్చి ‘ఓమో చైల్డ్’ అనే ఇల్లు నడిపాడు. ఆ పిల్లలు బతికారు, ఊరికి ఏ ఉపద్రవమూ రాలేదు. 2012లో కారా పెద్దలు ఆ ఆచారానికి స్వస్తి పలికారు.

రెండు చోట్లా పళ్ళు అవే, భయమూ అదే. మన దగ్గర మేనమామ నూనెలో ముఖం చూస్తాడు, నలుగురికి భోజనం పెడతారు, బిడ్డ మళ్ళీ తల్లి ఒళ్ళోకి వస్తాడు. మనవాళ్ళు తెలివైనవాళ్ళని, వాళ్ళు కారని దీనికి అర్థం కాదు. మన దోషానికి శాంతి ఉంది, వాళ్ళ దోషానికి లేదు. తేడా అంతే.

నా వాదన ఇదే. పిల్లలను నమ్మకం కంటే ఎక్కువగా చంపేది ఆ నమ్మకంలోంచి బయటపడే దారి లేకపోవడం. కాబట్టి పిల్లలను కాచే సంస్థ మొదటి పని ఆ దారి వేయడం. నమ్మకంతో తగవు తర్వాత పెట్టుకోవచ్చు.

మన అమ్మవారి సంగతే చూడండి. మశూచి వస్తే అమ్మవారు పోసిందనేవాళ్ళం. టీకాలు వేసే సిబ్బంది ఊరూరా తిరిగారు. 1975 తర్వాత దేశంలో మశూచి కేసు లేదు. అమ్మవారి కొలుపులు మాత్రం మన ఊళ్ళలో ఏటా జరుగుతూనే ఉన్నాయి. వేపమండలు, చద్ది నైవేద్యం, డప్పులు అన్నీ ఉన్నాయి. బిడ్డ బతకడానికి అమ్మవారిని ఊరి నుంచి వెళ్ళగొట్టవలసిన అవసరం రాలేదు.

నాస్తిక మిత్రులు కొందరు ముఖం చిట్లిస్తున్నారు. గోరా గారి మాట ఎత్తకుండా ముందుకు పోతానని అనుకోకండి. గ్రహణం వేళ గర్భిణి బయటికొస్తే బిడ్డకు మొర్రి వస్తుందని ఊరంతా వణికే రోజుల్లో, ఆయన భార్య సరస్వతీ గోరా గారు కడుపుతో ఉండి బయటికొచ్చి నిలబడ్డారు. అదీ వాదనే. అయితే నోటితో చేసిన వాదన కాదది. ప్రమాదం ఏదైనా ఉంటే ముందు నాకే రానివ్వండని ఆవిడ ఆచరించి చూపారు. పక్కింటి గర్భిణికి ఆ రోజు దొరికింది ఉపన్యాసం కాదు, ఒక తోడు.

2. చట్టానికి వంటిల్లు ఉండదు

వితంతు వివాహాన్ని చెల్లుబాటు చేస్తూ చట్టం 1856లో వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో 25 ఏళ్ళు. చట్టం ఉంది, పెళ్ళి లేదు. ఎందుకని?

ఆనాటి వితంతువుల్లో ఎందరో పసిపిల్లలే. తాళి కట్టించుకున్న జ్ఞాపకం కూడా లేని పిల్లకు తల గొరిగి మూలన కూర్చోబెట్టేవారు. మొగుణ్ణి మింగిందన్న ముద్ర ఆ పిల్ల నుదుట పడేది. శాంతి లేని దోషానికి మన దగ్గర ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు. నువ్వు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం ఆ పిల్లతో చెప్పింది. సరే, ఇవాళ రాత్రి ఎక్కడ పడుకోవాలి? రేపు అన్నం ఎవరు పెడతారు? వెలివేస్తే బావిలో నీళ్ళు ఎవరు తోడనిస్తారు? ఈ ప్రశ్నలకు చట్టంలో సెక్షన్లు లేవు. జవాబు చెప్పింది పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. పనివాళ్ళు మానేస్తే తానే నీళ్ళు మోసి, ఆ పిల్లలను తన ఇంట్లో పెట్టుకుని వండిపెట్టారు. ఆ వంటిల్లు లేకపోతే పంతులు గారి ప్రసంగాలు పుస్తకాల్లోనే మిగిలేవి.

గుంటూరుకు వద్దాం. ‘మాలపల్లి’ రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు వితంతువుల పక్షాన నిలబడి, 1922లో ఈ ఊళ్ళోనే శారదా నికేతనం పెట్టారు. అక్కడ ఆడపిల్లలకు నీడ, చదువు, చేతిపని దొరికాయి. వైధవ్యం పాపఫలమా కాదా అన్న చర్చ తేలేదాకా ఆ ఇల్లు ఆగలేదు. చర్చ ఊళ్ళో నడుస్తూనే ఉంది, లోపల పిల్లలు చదువుకుంటూనే ఉన్నారు.

చట్టం వద్దనడం నా ఉద్దేశం కాదు. చట్టం లేకపోతే ఆ ఇంటికి బలం ఉండదు. ఆ ఇల్లు లేకపోతే చట్టానికి పని ఉండదు.

3. జోగిని ఇంటి లెక్కలు

దేవదాసీగా అర్పించడాన్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో 1947లోనే చట్టం వచ్చింది. మన కోస్తా జిల్లాలు అందులోకే వచ్చాయి. నిజాం ఏలుబడిలో ఉన్న ప్రాంతం రాలేదు. అక్కడి జోగినుల దాకా చట్టం చేరడానికి 1988 దాకా పట్టింది. అప్పటికే హేమలత గారు నిజామాబాద్ జిల్లాలో పని చేస్తున్నారు.

జోగిని అంటే తెలియని విద్యార్థుల కోసం రెండు మాటలు. ఎల్లమ్మకో పోచమ్మకో ఆడపిల్లను ఐదారేళ్ళప్పుడే ఇచ్చేస్తారు. దాదాపు అందరూ దళితుల పిల్లలే. ఎదిగాక ఆ పిల్ల ఏ ఒక్కరి భార్యా కాదు, ఊళ్ళో పెత్తందారు ఎవరైనా తన సొంతమనుకోవచ్చు. జాతరలో, పెద్ద కులాల శవయాత్రల్లో ఆడాలి. ఆమెకు పుట్టిన బిడ్డను బడిలో వేయబోతే దరఖాస్తులో తండ్రి పేరు దగ్గర కలం ఆగిపోతుంది. అనంతపురం, కర్నూలు వైపు బసివి, చిత్తూరు వైపు మాతమ్మ అంటారు. పేర్లు వేరైనా పిల్ల బతుకు ఒకటే.

ఆ తల్లిదండ్రులు రాక్షసులా? కాదు. బిడ్డకు జబ్బు చేస్తే వైద్యుడు అందుబాటులో లేడు, మొక్కు అందుబాటులో ఉంది. కొడుకులు లేని ఇంట్లో కూతురు పెళ్ళయి వెళ్ళిపోతే ముసలితనంలో గంజి పోసేవాళ్ళు లేరు. జోగినిని చేస్తే ఇంట్లోనే ఉంటుంది. ఊరి పెద్దకు ఇందులో లాభం ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. అంటే ఆ ఆచారం దైవభక్తి పేరుతో మూడు పనులు చేస్తోంది. వైద్యం లేని చోట వైద్యం, పింఛను లేని చోట పింఛను, బలమున్నవాడికి భోగం. ఇందులో మొదటి రెండింటికి వేరే దారి చూపకుండా ఎల్లమ్మ లేదని చెబితే ఆ తల్లి వింటుందా? వినదు. వినకపోవడంలో ఆమె మూర్ఖత్వం కూడా లేదు.

సంస్కార్ పని ఈ లెక్క తెలిసి మొదలైంది. జోగినులకు చెల్లి నిలయం పెట్టారు. ఆ పేరు పెట్టడంలోనే వాళ్ళను ఏ వరసలో చూడాలో ఊరికి చెప్పారు. ఉపాధి నేర్పారు, పిల్లలకు చదువు చెప్పించారు, పెళ్ళి కావాలన్నవాళ్ళకు పెళ్ళి చేశారు. అప్పటి గవర్నరు కుముద్‌బెన్ జోషి గారు ఈ సమస్యను పట్టించుకోవడంతో ప్రభుత్వమూ కదిలింది.

1988 చట్టంలో ఒక చిక్కుంది. పిల్లను అర్పించిన తల్లిదండ్రులు కూడా శిక్షార్హులే. ఉండాల్సిందే. కానీ ఫిర్యాదు ఎవరివ్వాలి? ఏడేళ్ళ పిల్ల కన్నతల్లి మీద పోలీసు స్టేషనుకు పోతుందా? ఇచ్చినా ఆ రాత్రి మళ్ళీ అదే ఇంటికి వెళ్ళాలి. అందుకే ముందు పిల్ల నిద్రపోవడానికి చెల్లి నిలయం లాంటి చోటు కావాలి. సాక్ష్యం తర్వాత వస్తుంది.

4. చదువుకున్నవాళ్ళ మూఢనమ్మకం

ఇప్పటిదాకా చదువులేని పేదవాళ్ళ నమ్మకాల గురించే చెప్పానని మీకు కాస్త నిశ్చింతగా ఉండవచ్చు. ఇక్కడినుంచి ఉండదు.

బాపట్ల, చీరాల మధ్య రైల్లో వెళ్ళినవాళ్ళకు స్టూవర్టుపురం తెలుసు. ఒక జాతి జాతినంతా పుట్టు నేరస్థులని బ్రిటిష్ ప్రభుత్వం 1871లో చట్టంలో రాసింది. 1911 చట్టం ఇంకా ముందుకు పోయి, అలాంటి జాతుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. మన దగ్గర ఎరుకల కుటుంబాలను తెచ్చి ఇక్కడ సెటిల్‌మెంట్ పెట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. హాజరు పట్టీలు, రాకపోకలకు పాసులు. అక్కడివాళ్ళు చీరాల పొగాకు కంపెనీకి కూలీలు.

ఎల్లమ్మ దోషానికి మొక్కైనా ఉంది. ఈ దోషానికి అదీ లేదు. బిడ్డ ఇంకా పాకడం కూడా నేర్వక ముందే దొంగ. ఈ నమ్మకాన్ని కనిపెట్టింది కోయదొర కాదు, మంత్రగాడు కాదు. కోటు వేసుకున్న అధికారులు, గెజిట్లు అచ్చువేసే ప్రభుత్వం. చట్టం 1952లో రద్దయింది. నమ్మకం రద్దు కాలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా మొదట ఆ ఊరి మీద పడటం, ఆ ఊరి పేరు చెప్పిన కుర్రాడికి పని దొరక్కపోవడం తర్వాత కూడా మన జిల్లాల్లో కొనసాగాయి. ఆ నమ్మకానికి పూజారులం మనమే.

ఇందులో సేవా సంస్థలకు ఒక హెచ్చరిక కూడా ఉంది. సెటిల్‌మెంటును నడిపిందీ ఒక సేవా సంస్థే. పిల్లలకు బడి పెట్టింది, పని నేర్పింది. అయినా ఆ బిడ్డ పుట్టుకలోనే లోపముందన్న సిద్ధాంతం మీద కట్టిన కంచె లోపల నిలబడి ఆ పని చేసింది. పిల్లలను కాచేవాళ్ళు పిల్లల మీద ఉన్న దోషాన్ని తామూ నమ్మితే, ఆ కాపలాయే చెరసాల అవుతుంది.

1970లలో హేమలత, లవణం దంపతులు స్టూవర్టుపురం వెళ్ళారు. చంబల్ లోయలో వినోబా, జయప్రకాశ్ నారాయణ్ ముందు బందిపోట్లు లొంగిపోయిన అనుభవం దేశం ముందు ఉంది. ఇక్కడ ఈ దంపతులు కుటుంబాలతో కలిసి పని చేశారు. కన్నవాళ్ళ నుంచి పిల్లలను లాక్కోకుండా, ఆ కన్నవాళ్ళకే గౌరవంగా బతికే దారి వెతికారు. ఒక వైపు నేరం చేసినవాళ్ళతో మాట్లాడుతూ, మరో వైపు పోలీసులతో, ప్రభుత్వంతో మాట్లాడారు. ‘నేరస్థుల సంస్కరణ’ అన్న పుస్తకం కూడా హేమలత గారు రాశారు. సంస్కరణ అవసరం ఆ ఊరికి ఎంత ఉందో, ఆ ఊరిని చూసే కళ్ళకూ అంతే ఉందని ఆ పనిలోంచి నేను నేర్చుకున్నాను.

5. ఒక్క ఇంటి వల్ల కాదు

ఇక మన కాలానికి, మన పొలాలకు వద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. మిగతా విషయాల్లో దేశం కంటే ముందున్నామని చెప్పుకునే మనం ఇందులో వెనకబడి ఉన్నాం. శారదా చట్టం 1929లో వచ్చింది. ఇప్పుడున్న నిషేధ చట్టం 2006 నాటిది. దాదాపు వందేళ్ళుగా చట్టం తలుపు తీసే ఉంది.

మరి పిల్లలు ఎందుకు బయటికి రావడం లేదు? ఎదిగిన ఆడపిల్ల గుండెల మీద కుంపటి అన్న నమ్మకం ఎక్కడ బలంగా ఉందో చూడండి. పత్తి తీతకు, మిరప కోతలకు ఆదోని, కోసిగి వైపు నుంచి, పశ్చిమ ప్రకాశం నుంచి కుటుంబాలు కదిలివస్తాయి. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని వచ్చి, చేలగట్ల మీద పట్టాల గుడారాల్లో నెలల తరబడి ఉంటారు. పెద్దమనిషైన పిల్లను వెంట తెస్తే ఆ గుడారానికి తలుపు లేదు, మరుగుదొడ్డి లేదు. ఊళ్ళో వదిలి వస్తే ముసలివాళ్ళు తప్ప కాపలా లేదు. ఈ రెండు భయాల మధ్య తండ్రికి కనిపించే ఒకే ఒక తలుపు పెళ్ళి. అతణ్ణి పట్టుకుని పద్దెనిమిది నిండాలని చెబితే, సరే, అప్పటిదాకా ఎక్కడ పెట్టమంటారని అడుగుతాడు. ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబుందా?

ఇంకో అడ్డంకి. ఈ తండ్రి ఆగినా పక్కింటివాళ్ళు ఆగరు. ఆగితే మంచి సంబంధం తప్పిపోతుందని, పిల్లలో ఏదో లోపముందంటారని జంకు. ఆచారం నుంచి ఒక్క ఇల్లు ఒంటరిగా బయటపడలేకపోవడానికి కారణం ఇదే. సెనెగల్‌లో ఆడపిల్లల మర్మావయవాలు కోసే ఆచారం కూడా ఇలాంటిదే. కోయించుకోని పిల్లకు పెళ్ళి కాదని భయం. అక్కడ టోస్టాన్ అనే సంస్థ ఊరి ఆడవాళ్ళకు చదువు, ఆరోగ్యం నేర్పుతూ వచ్చింది. 1997లో మాలికుండా బంబారా అనే ఊరి ఆడవాళ్ళు ఇక మా ఊళ్ళో ఈ కోత ఉండదని అందరి ముందు ప్రకటించారు. తర్వాత, పెళ్ళి సంబంధాలు కలిసే ఊళ్ళన్నీ ఒకేసారి చెబితే తప్ప అది నిలవదని అక్కడివాళ్ళే గ్రహించి, చుట్టుపక్కల ఊళ్ళకు నడిచారు. మాట ఒక ఇంటిది కాకుండా వియ్యమందే ఊళ్ళన్నిటిదీ అయినప్పుడు ఏ తండ్రీ నష్టపోడు.

మన దగ్గరా అంతే. పల్నాడులో ఒక ఊరు మానేస్తే చాలదు. ఆ ఊరితో వియ్యమందే ఊళ్ళు, కోతలకు కలిసి వచ్చే ముఠాలు ఒక్క మాట మీదికి రావాలి.

6. అయితే ఏం చేయాలి?

పిల్లలను కాచే ఏ సంస్థనైనా మూడు ప్రశ్నలు అడగండి. చందా ఇచ్చే ముందు అడగండి. చేరబోయే కుర్రాళ్ళూ అడగండి.

ఒకటి, మీరు తప్పంటున్న ఆచారం ఆ ఇంటికి ఏ పని చేసిపెడుతోంది? తెలియదంటే ఆ సంస్థ ఇంకా ఆ ఇంట్లోకి అడుగుపెట్టలేదన్న మాట.

రెండు, ఆ పని చేయడానికి మీరేం తెచ్చారు? కరపత్రం తెచ్చామంటే చాలదు. మంచం, బడి, వైద్యం, కూలి, వీటిలో ఏదో ఒకటి చూపించాలి.

మూడు, ఆ బిడ్డలో పుట్టుకతో వచ్చిన దోషం ఏదైనా ఉందని మీరూ లోలోపల నమ్ముతున్నారా? ఈ ప్రశ్నకు జవాబు మాటల్లో దొరకదు. పిల్లలను పిలిచే తీరులో, కన్నవాళ్ళను కూర్చోబెట్టే చోటులో దొరుకుతుంది.

నమ్మకం మీద నేరుగా యుద్ధం చేయవద్దని నేననను. బిడ్డకు వాత పెడుతుంటే, గుప్తనిధుల కోసం పసివాణ్ణి ఎత్తుకుపోతుంటే, చర్చ కాదు, పోలీసులు కావాలి. 1098కి ఫోన్ కావాలి. అక్కడ క్షణం ఆలస్యం కూడా పాపమే. కానీ రోజూ జరిగే నష్టం ఆ వార్తల్లో లేదు. కోతల కాలంలో బడి మానేసి, తర్వాతి కోతలకు మెడలో తాళితో తిరిగొచ్చే పిల్ల దగ్గర ఉంది.

వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్ళు అన్న పథకం ప్రభుత్వం దగ్గర ఉంది. కస్తూర్బా బాలికా విద్యాలయాలు ఉన్నాయి. పేదింటి పెళ్ళికి ప్రభుత్వ సాయం కావాలంటే వధూవరులిద్దరూ పది పాసై ఉండాలన్న షరతు 2022లో పెట్టారు, అది మంచి ఆలోచన. ఇవన్నీ వంటిళ్ళే. వీటికి, చేలగట్టు మీది గుడారానికి మధ్య నడిచే మనుషులే తక్కువ. కాబట్టి ఈ సభ నుంచి నేను కోరేది ఒకటే. వచ్చే కోతలు మొదలవకముందే రైతులు, మేస్త్రులు, ఉపాధ్యాయులు, కళాశాల విద్యార్థులు కలిసి, తమ మండలానికి వచ్చే ముఠాల్లో ఎదిగిన ఆడపిల్లలు ఎందరున్నారో పేరు పేరునా రాసుకోండి. ప్రతి పేరు ఎదురుగా ఆ పిల్ల పడుకునే చోటు, వెళ్ళే బడి రాయండి. రాయలేని చోట ఖాళీ వదలండి, ఆ ఖాళీని తీసుకెళ్ళి కలెక్టరు గారి ముందు పెట్టండి. హేమలత గారి పేరున మాలలు వేసే ఓపిక మనకు ఉంది కదా, ఈ పట్టిక నింపే ఓపిక కూడా తెచ్చుకుందాం.

ఇక ప్రశ్నలు అడగండి. ఒప్పుకోనివాళ్ళు ముందు అడగండి.